ప్రేక్షకుని పాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథపఠనమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినారు. ఆ విషయమును చెప్పుటకు నాకంటె పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. కావున నేను పట్టణములో చూచిన ఒక నాటకమును గూర్చియు, నా ప్రక్కన కూర్చుండి దానిని చూచిన ఒక ప్రేక్షకుని గూర్చియు చెప్పెదను. ఆ కథ చివరకు ఈ గ్రంథాలయములోని ఒక పుస్తకము దగ్గరకే వచ్చి చేరును. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. దానిని ఇంతవరకు ఎవ్వరికిని చెప్పలేదు. నేడు మీ అందరి ఎదుట చెప్పదలచితిని.

మన రామాలయము ఎదుటనున్న నాటకముల అరుగును మీరందరు ఎరుగుదురు. నేడు దానిమీద ధాన్యపు బస్తాలు, ఎరువుల బస్తాలు ఉన్నవి. నా చిన్ననాట శ్రీరామనవమి పందిళ్ళలో ఆ అరుగుమీద తెల్లవార్లు నాటకములు జరిగెడివి. పెట్రోమాక్సు దీపముల వెలుగులో చాపలు, గోనెపట్టాలు పరచుకొని, పిల్లలను ఒడిలో పండుకొనబెట్టుకొని ఊరంతయు కూర్చుండెడిది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర ఏటేట చూచినవే అయినను, ఏటేట క్రొత్తవే. రాయబార ఘట్టమునకు ఒక కృష్ణుడు చాలక ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు నటులను పిలిపించెడివారు. ఏ కృష్ణుడు ఏ పద్యమును ఏ రాగములో ఎత్తునో అని పొలము పనులలో సైతము వారము దినములు చర్చ సాగెడిది.

ఆ అరుగుప్రక్కన కాలిహార్మొనీ ముందు కూర్చుండెడి వారిని మీలో నలుబది ఏండ్లు దాటిన వారందరు చూచియుందురు. ఊరివారు ఆయనను హార్మొనీ తాతగారని పిలిచెడివారు. మా తండ్రిగారికి స్నేహితులగుటచే నేను బాబాయి అని పిలిచెడివాడను. నటుడు పద్యము మరచినచో మొదటి మాటను మెల్లగా అందించుట, శ్రుతి తప్పినచో మెట్టు గట్టిగా నొక్కి దారికి తెచ్చుట, అరువు తెచ్చుకొన్న కిరీటము జారిపోవుచున్నచో కనుసైగ చేయుట, ఇవన్నియు ఆయన పనులే. నాటకము ఆడు రాత్రి ఆయన ఏ వేషమును ధరించలేదు గాని, ఆయన లేనిదే ఏ వేషమును నిలువదు.

పద్యము ముగిసి రాగము ఆకాశమునంటినప్పుడు జనములోనుండి ఒక కేక లేచెడిది. "వన్స్‌మోర్!" ఆ మాట పుట్టుకచే ఇంగ్లీషు మాటయే కావచ్చును. కాని అక్షరము రాని మన రైతుల నోట అది అచ్చ తెలుగు మాటయై కూర్చున్నది. ఆ కేక విన్న నటునికి ఏ సన్మానమును దానికి సాటి రాదు. అతడు రెండడుగులు ముందుకు వచ్చి, హార్మొనీ వంక ఒకసారి చూచి, అదే పద్యమును మరల ఎత్తుకొనెడివాడు.

ఈ ఆచారములో దోషము లేదని నేను చెప్పను. మరణించి నేలబడిన పాత్ర లేచి, పద్యము మరల పాడి, మరల మరణించిన సందర్భములు ఉన్నవని మన పెద్దలు నవ్వుచు చెప్పెడివారు. కథ ఆగిపోవును, పాత్ర మాయమై పాటగాడు మిగులును. బళ్ళారి రాఘవగారివంటి మహానటుడు ఈ పద్యాల పోటీని అంగీకరింపలేదు. 1880లో జన్మించి 1946లో కీర్తిశేషులైన ఆ మహనీయుడు నాటకమునకు ప్రాణము సహజమైన అభినయము గాని రాగాలాపన కాదని వాదించెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించవలెనని పట్టుబట్టెను. ఆయన చెప్పినది సత్యమే. ఉపాధ్యాయ వృత్తిలో ముప్పది ఏండ్లు గడపి, నేనును విద్యార్థులకు అదే చెప్పితిని. నాటకము చూచుట యనగా నిశ్శబ్దముగా చూచుటయే నాగరికత అని నా మనస్సులో గట్టిగా నాటుకొన్నది. నా తప్పునకు మూలము అదియే.

2015లో మన గ్రంథాలయ చందాదారులము పదకొండుగురము కలసి హైదరాబాదు పోయి నాటకము చూడవలెనని నిశ్చయించుకొంటిమి. సురభివారి మాయాబజారు రవీంద్రభారతిలో ప్రదర్శింపబడునని తెలిసెను. బాబాయికి అప్పటికి ఎనుబది దాటినవి. మోకాళ్ళ నొప్పులు. "పట్నంలో నాటకం నేనెప్పుడూ చూళ్ళేదురా అబ్బాయ్, తీసుకుపోతావా?" అని ఆయనయే అడిగెను. కాదనుటకు నాకు నోరు రాలేదు. తెనాలిలో రాత్రి రైలెక్కి, తెల్లవారుసరికి సికింద్రాబాదులో దిగితిమి. పగలంతయు బంధువుల ఇంట విశ్రమించి, సాయంకాలమునకు బయలుదేరితిమి. బాబాయి ఇస్త్రీ చేసిన పంచె, లాల్చీ, భుజముపై జరీ కండువా ధరించెను. అది ఏనాడో ఒక నాటకసభలో ఆయనకు కప్పిన కండువా.

రవీంద్రభారతి శాసనసభకు చేరువలోనే ఉన్నది. విశ్వకవి రవీంద్రుని శతజయంతి జరిగిన 1961వ సంవత్సరములో, నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు దానిని ప్రారంభించిరి. నాటినుండి తెలుగునాట పేరెన్నికగన్న నటులు, గాయకులు, నర్తకులు ఎందరో ఆ వేదికమీద నిలిచిరి. బాబాయి మెట్లెక్కుచు మధ్యలో ఆగి, ఆ భవనమును పైనుండి క్రిందివరకు చూచి, చెప్పులు విడువబోయెను. "ఇక్కడ విడవనక్కరలేదు బాబాయ్" అని నేను వారించితిని. ఆ ఒక్క సాయంకాలమున నేను ఆయనను వారించుట అది మొదటిసారి.

లోపల మెత్తని కుర్చీలు, చల్లని గాలి, వరుసవరుసకు సంఖ్యలు. మన అరుగు ముందు కూర్చుండువానికి ఎదుట నటుడు, వెనుక మేనమామ, ప్రక్కన పొరుగింటివారు. అక్కడనో ప్రక్కవారెవరో ఎరుగము. దీపములు ఆరినంతనే ఎవరికివారము ఒంటరివారము. ఇది లోపమని చెప్పుట లేదు. ఆ చీకటిలో ఒక గొప్పతనమున్నది. పలుకరించువాడు లేడు, పిలుచువాడు లేడు, కన్ను వేదికను విడిచి పోవుటకు వేరొక చోటు లేదు. చివరి వరుసలోని వానికిని నటుని చిన్న నిట్టూర్పు సైతము వినబడును. మన పందిటిలో ఇది ఎన్నడును సాధ్యము కాలేదు.

సురభివారిని గూర్చి పిల్లల కొరకు రెండు మాటలు చెప్పవలెను. 1885లో కడప మండలములోని సురభి గ్రామములో వనారస గోవిందరావుగారు మొదలైనవారు కీచకవధ ప్రదర్శించిరి. ఆ గ్రామము పేరే వారికి ఇంటిపేరువలె స్థిరపడెను. వారి పూర్వులు తోలుబొమ్మలాట ఆడినవారు. తెరవెనుక బొమ్మలను ఆడించిన చేతులే తరువాత తెరముందుకు వచ్చి తామే పాత్రలైనవి. తాత మొదలు మనుమరాలి వరకు కుటుంబమంతయు నటులే. పురుషులు స్త్రీ వేషములు ధరించుట లోకాచారముగా నున్న కాలముననే వారి ఇండ్లలోని స్త్రీలు రంగమునెక్కిరి. ఒకప్పుడు ముప్పదికి పైగా సురభి సమాజములు ఊరూర డేరాలు వేసికొని తిరిగెడివి. తరువాత అవి వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. వారిలో బాబ్జీగా ప్రసిద్ధులైన రేకందార్ నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ పురస్కారము లభించెను. ఆయన 2022లో స్వర్గస్థులైరి.

తెర లేచెను. ద్వారక ఒక్క క్షణములో వనముగా, వనము మరల అంతఃపురముగా మారుచుండెను. అన్నియు చేతితో చిత్రించిన తెరలే. ఒకటి పైకి పోవును, వేరొకటి ప్రక్కకు జరుగును. అభిమన్యుని బాణమును ఘటోత్కచుని బాణమును గాలిలో ఎదురెదురుగా వచ్చి తాకి నిప్పులు రాల్చెను. సన్నని తీగలు, కప్పీలు, తెరవెనుక వానిని లాగు బంధువుల చేతులు. యంత్రమేమియు లేదని తెలిసియు, పెద్దవారము నోళ్ళు తెరచి చూచితిమి. నిద్రించుచున్న శశిరేఖ మంచము పైకి లేచినపుడు ఆ మందిరమునందు ఊపిరి చప్పుడు కూడ వినబడలేదు. ఏదో వరుసలో ఒక పసివాడు మాత్రము "అమ్మా, పడిపోతుంది!" అనెను. ఎవ్వరును నవ్వలేదు. అందరి మనస్సులోని మాటను వాడు అనెను.

ఆ పిమ్మట ఒక పద్యము వచ్చెను. నటుడు వయస్సు మళ్ళినవాడు. గొంతులో జీర ఉన్నది. కాని మాట మాటకు విరుపు, అర్థమునకు తగిన ఆపుదల. చివరి పాదమున రాగమును చాచక, పలుకును పలుకుగనే నిలిపి ముగించెను. అది మిక్కిలి కష్టమని హార్మొనీ వాయించువారికి తెలియును. నా ప్రక్కన కదలిక తోచెను. బాబాయి సగము లేచి, కుడిచేయి పైకెత్తి, తన ఎనుబది ఏండ్ల కంఠముతో "వన్స్‌మోర్!" అని కేకవేసెను.

ముందు వరుసలలో తలలు వెనుకకు తిరిగినవి. ఎవరో "ష్" అనిరి. ఇద్దరు యువకులు నవ్విరి. నాకు ముఖము మండెను. నేను ఆయన చేయి పట్టుకొని క్రిందికి లాగి, "ఊరుకో బాబాయ్, ఇది మన పందిరి కాదు" అని చెవిలో కసరితిని. ఆయన నా వంక చూడలేదు. మెల్లగా కూర్చుండెను. వేదికమీది నటుడు ఒక్క క్షణము ఆగినట్లు నాకు తోచెను. ఆ కేక అతనికి వినబడినదో లేదో చెప్పలేను. తరువాత కథ ముందుకు సాగిపోయెను.

బాబాయి మరల నోరు మెదపలేదు. చీకటిలో ఒకసారి క్రీగంట చూచితిని. కుర్చీ చేతిమీద ఆయన కుడిచేతి వ్రేళ్ళు కదలుచుండెను. వేదికమీద పద్యము వచ్చినప్పుడెల్ల ఆ వ్రేళ్ళు చెక్కమీద మెట్లు నొక్కుచుండెను. చప్పుడు లేదు.

నాటకము ముగియగానే మందిరమంతయు లేచి చాలసేపు చప్పట్లు చరచెను. బయట మెట్లమీద, "ఎట్లా ఉంది బాబాయ్?" అని అడిగితిని. నన్ను మన్నించెనో లేదో తెలిసికొనవలెనని నా ఆరాటము. ఆయన కండువా సవరించుకొని, "చాలా బాగుందిరా. కానీ చప్పట్లన్నీ చివర్లోనే కొట్టారు గదా. ఏ పద్యానికి కొట్టారో ఆ పాడినాయనకి ఎట్లా తెలుస్తుంది?" అనెను. నేను సమాధానము చెప్పలేకపోతిని.

ఆయన కోరికమీద వేదిక వెనుకకు పోతిమి. అక్కడ శశిరేఖ సగము రంగు కడుగుకొని చంటిబిడ్డకు పాలసీసా పట్టుచుండెను. ఇద్దరు కుర్రవారు ద్వారకను చుట్టగా చుట్టుచుండిరి. హార్మొనీ వాయించిన ఆయన ఇంకను అక్కడనే ఉండెను. బాబాయి ఆయనకు నమస్కరించి పెట్టె వంక చూచెను. ఆయన ఏమియు అడుగక లేచి తన పీట చూపెను. బాబాయి కూర్చుండి, ఆ పద్యపు వరుసనే, తాను మరల వినగోరిన దానినే, మెల్లగా వాయించెను. పాడువారు లేరు. తెర చుట్టుచున్న కుర్రవాడొకడు పని మానకయే సన్నగా కూనిరాగము తీసెను. ఒక నిమిషముకంటె ఎక్కువ కాదు. బాబాయి లేచి, "శ్రుతి బాగుంది" అని మాత్రము అనెను.

ఊరికి వచ్చిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఆనాడు నేను దేనిని కాపాడితిని? నాటకమునా, నా పరువునా? ఆ సందేహముతోనే మన గ్రంథాలయమునకు వచ్చి నాటకముల బీరువా వెదకితిని. అడుగు అరలో పోణంగి శ్రీరామ అప్పారావుగారి నాట్యశాస్త్రము కనబడెను. 1960లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందిన గ్రంథమది. మన చందాదారులలో దానిని ఇంటికి తీసికొనిపోయినవాడను నేనే మొదటివాడనని పుస్తకములోని తేదీల కాగితము చెప్పుచుండెను. సిగ్గుపడవలసిన మాటయే.

అందులో ఇరువదియేడవ అధ్యాయమున భరతముని ప్రదర్శనము యొక్క సిద్ధిని గూర్చి, అనగా నాటకము ఫలించినదని ఎట్లు తెలియునో ఆ విషయమును గూర్చి చెప్పినాడు. సిద్ధి రెండు విధములట. మొదటిది మానుషి. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుదురు, పెద్దగా నవ్వుదురు, బాగు బాగు అందురు, అయ్యో అందురు, కేకలు వేయుదురు. వారి ఒడలు గగుర్పొడుచును. ఆసనములనుండి లేతురు, పైబట్టలను, ఉంగరములను సైతము నటునికి విసరుదురు. రెండవది దైవికి. రంగస్థలము జనముతో నిండియుండును, కాని శబ్దముండదు, అలజడి యుండదు. అందరును ఒక్క ప్రాణమై లీనమైపోవుదురు.

ఆ పుట చదివి చాలసేపు కూర్చుంటిని. మన పందిటి కేకను, పట్టణపు మౌనమును భరతుడు రెంటిని ఎరుగును. ఒకటి మోటు, రెండవది నాగరికము అని ఆయన తీర్పు చెప్పలేదు. రెండును సిద్ధులే అన్నాడు. అంతియే కాదు. పాత్ర సంతోషించినపుడు తాను సంతోషించువాడు, శోకించినపుడు శోకించువాడు, అతడే ప్రేక్షకుడు అని కూడ ఆ అధ్యాయముననే చెప్పినాడు. ఊరకే కూర్చుండి చూచువాడు ప్రేక్షకుడు కాడు. ప్రేక్షకునికిని నాటకములో ఒక పాత్ర ఉన్నది. దానిని కూడ నేర్చుకొని ఆడవలెను.

శశిరేఖ మంచము లేచినప్పటి నిశ్శబ్దము దైవికి. కాని నా నిశ్శబ్దము అట్టిది కాదు. అది ముందు వరుస వారేమనుకొందురో అను భయము. మౌనములో కూడ మంచి చెడ్డలు ఉన్నవి. అట్లే కేకలోను. తమ వాడగు కృష్ణుని గెలిపించుటకై అర్థము తెలియకయే అరచిన కేకలు మన పందిటిలోను చాల ఉండెడివి. రాఘవగారు నిరసించినది వానిని. బాబాయి కేక అట్టిది కాదు. రాగమునకు గాక అర్థమునకు వేసిన కేక అది. ఆ రాత్రి ఆ మందిరములో ఆ పద్యము విలువ నిక్కముగా తెలిసినవాడు ఆయన. నేను ఆ చేతిని క్రిందికి లాగితిని.

ఈ మాట ఆయనతో చెప్పి క్షమాపణ కోరవలెనని అనుకొంటూనే ఉంటిని. రేపు, ఎల్లుండి అని జరిగిపోయినది. రెండేండ్లకు ఆయన పోయెను. ఆయన పిల్లలు ఆ కాలిహార్మొనీని మన గ్రంథాలయమునకు ఇచ్చినారు. అదిగో, ఆ మూలనున్న పత్రికల కట్టల క్రింద గుడ్డ కప్పి ఉన్నది అదియే. మీలో పలువురు దానిని బల్ల అనుకొనుచున్నారు.

సోదరులారా! ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు ఒంటరిగా చదువుకొనుట నేర్పినది. అది గొప్ప విద్య. పట్టణపు నాటకశాల నాకు నేర్పినదియు అట్టి ఏకాగ్రతయే. కాని నాటకము ఒంటరిగా చదువుకొని బీరువాలో పెట్టు గ్రంథము కాదు. నలుగురు కూడి, ఒకరి నోట ఒకరు విని, బాగున్నచో బాగున్నదని ఆ క్షణముననే చెప్పవలసినది. ఆ విద్య మన ఊరికి ఒకప్పుడు వచ్చును. మనము దానిని మోటుతనమని విడిచితిమి. మరల నేర్చుకొనుటకు పట్టణమునకు పోనక్కరలేదు.

కావున కార్యవర్గము వారికి మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది, రామాలయము అరుగుమీది బస్తాలను పంచాయతివారితో మాటాడి తీయించుడు. రెండవది, నెలకు ఒక శనివారము రాత్రి అక్కడ మన బీరువాలోని ఒక నాటకమును పాత్రలు పంచుకొని చదివెదము. వేషములు వలదు, తెరలు వలదు. పుస్తకము చేతనుంచుకొని చదివిన చాలును. పాఠశాల పిల్లలకు పద్యము విరిచి చదువుట నేర్పు బాధ్యతను నేను వహింతును. మూడవది, ఆ హార్మొనీ తిత్తి చిరిగినది. తెనాలిలో బాగుచేయువారు ఉన్నారు. దానికగు ఖర్చు నేను ఇచ్చుకొందును. ఇది దానమని ఎవ్వరును అనుకొనవలదు. నేను తీర్చవలసిన బాకీ.

చదువునపుడు ఏ పిల్లవాడైనను ఒక పద్యమును చక్కగా పలికినచో, మీకు నిజముగా నచ్చినచో, మొగమాటపడక చేయెత్తి మరల చదువుమని అడుగుడు. ఈసారి ఆ చేతిని ఎవ్వరును క్రిందికి లాగరు.